జూలై ఒకటి పిల్లలు

మా సదనంలో నలభై ఒక్కమంది ఆడపిల్లలు ఉండేవారు. అందరిదీ ఒకే పుట్టినరోజు, జూలై ఒకటి. ఏ పిల్ల ఎప్పుడు పుట్టిందో చెప్పే దిక్కు ఉంటే ఆ పిల్ల మా దగ్గరికి ఎందుకొస్తుంది? కానీ రిజిస్టరులో తేదీ గడి ఖాళీగా ఉంటే సర్కారు గ్రాంటు రాదు. నాకంటే ముందున్న వార్డెనమ్మ ఎవరో జూలై ఒకటి అని రాయడం మొదలుపెట్టింది, నేనూ అదే రాస్తూ పోయాను. నలభై ఒక్క పుట్టినరోజులు ఒక్క గుండిగ పరమాన్నంతో అయిపోయేవి. కమిటీవాళ్లకు ఈ ఏర్పాటు ఎంత నచ్చిందో చెప్పలేను.

నా పేరు భాగీరథి. జహీరాబాద్‌లో బీదర్ రోడ్డు పక్కనున్న ఆ బాలికా సదనానికి పంతొమ్మిదేళ్లు వార్డెనుగా చేశాను. ఊళ్లో షావుకార్లు కొందరు కమిటీగా చేరి దాన్ని నడిపేవారు. నేను నోరున్నదాన్నని, మొండిదాన్నని ఊరంతా అనుకునేది. అనుకోనీ. నోరు లేనివాళ్లు నలభై ఒక్కమంది పిల్లలకు రెండు పూటలా అన్నం తెచ్చి పెట్టగలరేమో చూపించమనండి.

తేదీ అందరికీ ఒకటే గానీ, సంవత్సరం మాత్రం నా కలం చెప్పినట్టు నడిచేది. ఆ రోజుల్లో పిల్లను బళ్లో వేయాలంటే కుడిచెయ్యిని తల మీదుగా తిప్పి ఎడమచెవి అందుకోమనేవారు. అందితే ఆరేళ్లు నిండినట్టు, అందకపోతే నిండనట్టు. మా సదనంలోనూ అదే కొలత. కమిటీ పెద్ద ఎవరో ఒకరు ఎదురుగా కుర్చీలో కూర్చునేవారు. నేను పిల్ల వెనక నిలబడి, తల నిటారుగా పెట్టాలి, భుజం పైకి లేపకూడదు అని ప్రేమగా చెప్పేదాన్ని. తల వంచకుండా, భుజం లేపకుండా ఆ చెవి అందుకోవడం ఎనిమిదేళ్ల పిల్లకైనా కష్టమే, కావాలంటే మీ ఇంట్లో పిల్లలతో చేయించి చూడండి. అందలేదు అనేవాడు పెద్దమనిషి. నేను నాలుగేళ్లు అని రాసి, పేరు పక్కన చిన్న చుక్క పెట్టుకునేదాన్ని. చుక్క ఉందంటే ఈ పిల్లకు రెండేళ్లు తగ్గించి రాశానని నాకు గుర్తు.

ఎందుకు రాశానో చెబుతాను. పద్దెనిమిది నిండిన జూలై ఒకటిన పిల్లను గేటు బయటికి పంపాలి, అది రూలు. 1969లో బాలమణి అనే పిల్లను అలాగే పంపించాను. మూడో రోజు వచ్చి గేటు బయట గట్టు మీద కూర్చుంది. లోపలికి రానిచ్చే అధికారం నాకు లేదు. నా వంతు అన్నం పట్టుకెళ్లి బయటే పెట్టాను, పదకొండు రోజులు. పన్నెండో రోజు గట్టు మీద ఎవరూ లేరు. ఆమె ఏమైందో ఈనాటికీ నాకు తెలియదు. అప్పటినుంచి చుక్కలు మొదలయ్యాయి. ఒక్కో చుక్క రెండేళ్ల అన్నం, రెండేళ్ల పక్క. రాత్రి రిజిస్టరు మూసేముందు ఆ చుక్కలను చూసుకుని గర్వపడేదాన్ని, దాచడం ఎందుకు.

బాలమణి తర్వాత కమిటీ కూడా ఊరికే ఉండలేదు. ప్రతి పిల్ల పేరా పోస్టాఫీసులో ఒక పుస్తకం తెరిపించారు. నెలకు ఐదు రూపాయలు కమిటీ వేసేది. పెద్దపిల్లలు కుట్టుపని, గుండీల పని చేసి తెచ్చిన దాంట్లో సగం అందులోనే వేయాలి. పుస్తకాలన్నీ ఇనప్పెట్టెలో ఉండేవి. దానికి రెండు తాళాలు. ఒకటి నా దగ్గర, రెండోది కమిటీ కార్యదర్శి మదన్‌మోహన్ సేటు దగ్గర. ఏడాదికి ఒకసారి, పరమాన్నం తిన్నాక, ఎవరి పుస్తకం వాళ్లకు చూపించి మళ్లీ పెట్టెలో పెట్టేసేవాళ్లం. పద్దెనిమిది నిండాకే అది చేతికొచ్చేది. బయటికి వెళ్లే పిల్ల చేతిలో ఒక గది అద్దెకో, ఒక కుట్టుమిషనుకో సరిపడా డబ్బుండాలని ఆ ఏర్పాటు. మంచి ఏర్పాటే, నేను కాదనను.

శరణమ్మ 1972 కరువులో వచ్చింది. హైవే పక్కన కరువు పని కింద రాళ్లు కొడుతూ తల్లి జ్వరంతో పోయింది. తండ్రి అంతకుముందే పని వెతుక్కుంటూ షోలాపూర్ వైపు వెళ్లి తిరిగి రాలేదు. ఒక పోలీసు జవాను పిల్లను తీసుకొచ్చి మా వరండాలో దింపాడు. ఎముకల గూడు. కానీ నోరు మాత్రం గట్టిది. పేరు అడిగితే పేరు, తండ్రి పేరు బస్వరాజ్ అని, ఊరు న్యాల్‌కల్ అవతల అని గడగడా చెప్పేసి, తను నన్ను ఒకటే ప్రశ్న అడిగింది.

“ఈడ ఎన్ని పూటలు పెడ్తరు?”

రెండు పూటలు అన్నాను. కాసేపు ఆలోచించి సరే ఉంటానంది. ఆ మాటల తీరు చూసి ఈ పిల్లకు ఆరేళ్లకు తక్కువ ఉండవని నేను తీర్మానించాను. మర్నాడు చెయ్యి కొలత పెట్టాం. తల నిటారుగా పెట్టించాను, చెవి అందలేదు. నాలుగేళ్లు అని రాసి చుక్క పెట్టాను.

పన్నెండేళ్లు గడిచాయి. శరణమ్మకు చదువు అంతంతమాత్రమే గానీ చేతిలో పని ఉంది. బస్టాండు దగ్గర గౌహర్ బేగం అని ఒకావిడ ఆడవాళ్ల బట్టలు కుట్టేది. నిలబడితే తల తగిలేంత చిన్న దుకాణం, అయినా బీదర్ నుంచి కూడా బేరాలు వచ్చేవి. శరణమ్మ పదేళ్లప్పటినుంచి సాయంత్రాలు అక్కడికి పోయేది. గుండీలతో మొదలుపెట్టి, రవిక కత్తిరించే దాకా వచ్చింది. రవిక కత్తిరించడం అంటే మాటలు కాదు, అక్కడ ఒక అంగుళం తప్పితే ఊళ్లో పరువు పోతుంది. గౌహర్ బేగం తన గుడ్డను ఎవరి చేతికీ ఇచ్చే మనిషి కాదు, ఈ పిల్ల చేతికి ఇచ్చింది.

1984 ఆగస్టులో గౌహర్ బేగం గుల్బర్గాలో కూతురి దగ్గరికి వెళ్లిపోవాలని నిశ్చయించుకుంది. కళ్లు మసకలు కమ్ముతున్నాయట, సూదిలో దారం ఎక్కడం లేదట. దుకాణం తాళం చేతులు మారేటప్పుడు ఇచ్చే సొమ్మును మా వైపు పగిడీ అంటారు. పగిడీ ఆరువందలు, మిషను ఐదువందలు, మొత్తం పదకొండు వందలకు శరణమ్మకే ఇచ్చేస్తానంది. అదే దుకాణానికి క్యాసెట్లు అమ్మే కుర్రాడొకడు పదిహేను వందలు ఇస్తానని తిరుగుతున్నాడు.

గౌహర్ బేగం ఆ సంగతి నాతోనే చెప్పింది. “బక్రీద్ దాక ఆగుత. గప్పటి దాక పైసలు తెస్తే దుకాన్ బేటీది. తేకపోతే నేనేం చెయ్యను, నాది గూడ కడుపే గదా” అంది. ఆమె చెప్పినదాంట్లో తప్పులేదు. బక్రీదుకు మూడు వారాలు ఉంది.

శరణమ్మ పుస్తకంలో పదకొండు వందల ఎనభై రూపాయలున్నాయి. కానీ రిజిస్టరు ప్రకారం ఆమెకు పదహారే. ఇంకా రెండేళ్లు ఆగాలి.

ఆ పిల్ల నా గదికి వచ్చి, తన వయసు సరిచేయమని అడిగింది. నాకు కోపం వచ్చింది. రెండేళ్లు అన్నం పెడతాం, నీడ ఇస్తాం, అప్పుడు పుస్తకంలో ఇంకా ఎక్కువే ఉంటుంది, అంత తొందరేమిటి అన్నాను. దుకాణాలు ఊళ్లో ఇంకా ఉండవా అన్నాను. బాలమణి కథ కూడా చెప్పాను, అది చెబితే ఎవరైనా నోరు మూసుకుంటారని నాకో నమ్మకం. శరణమ్మ మూసుకోలేదు.

“ఆ చుక్క రెండేండ్లు మీరు నాకిచ్చిన్రు అనుకుంటున్నరమ్మా. దుకాన్ పోయినంక ఆ రెండేండ్లను నేనేం జేసుకోవాలె?”

చుక్కల సంగతి ఎవరికీ తెలియదనుకుంటూ పదిహేనేళ్లు గడిపాను. పిల్లలందరికీ తెలుసట. ఎవరికి చుక్క ఉందో, ఎవరికి లేదో పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెబుతూ వస్తున్నారట. రెండు రోజులు ఆ పిల్లతో మాట్లాడలేదు. మూడో రోజు నాకే సిగ్గేసి మదన్‌మోహన్ సేటు దగ్గరికి వెళ్లాను.

సేటుది అల్లం వ్యాపారం. గంజ్ బజారులో మండీ, మండీలో ఒక పరుపు, పరుపు మీద ఆయన. చేతిలోకి ఏ వస్తువు వచ్చినా బరువు చూసినట్టు పట్టుకునే మనిషి. చెడ్డవాడు కాదు. చెయ్యి కొలతలో పొరపాటు జరిగింది, శరణమ్మకు నిజానికి పద్దెనిమిది నిండాయి, పుస్తకం ఇచ్చేద్దాం అన్నాను. చుక్కల మాట ఎత్తలేదు. ముప్పై చుక్కలున్నాయి ఆ రిజిస్టరులో. ఒక దారం లాగితే అన్నీ ఊడి వస్తాయని నాకు భయం.

ఆయన వెంటనే కాదనలేదు. 1975లో ఒక పిల్లకు జాలిపడి ఏడాది ముందే పుస్తకం ఇచ్చేసిన సంగతి గుర్తుచేశాడు. వారం తిరక్కుండా ఎవరో మేనమామ అరటిపండ్ల గెల భుజాన వేసుకుని ఊడిపడ్డాడు, పదో రోజుకు డబ్బూ లేదు, మామా లేడు, గెల కాడ మాత్రం మిగిలింది. అందుకే కాగితం కావాలన్నాడు. ఆ పిల్ల పుట్టిన ఊళ్లో పోలీస్ పటేల్ దగ్గర జనన మరణాల పుస్తకం ఉంటుంది, అందులో రాసి ఉన్నది తెస్తే తనకేమీ అభ్యంతరం లేదన్నాడు. నేను లేస్తుంటే అల్లం ముక్క ఒకటి చేతిలో తిప్పుతూ అడిగాడు.

“వార్డెనమ్మా, ఒక్క పిల్ల చెయ్యేనా పొట్టిది?”

వినపడనట్టు బయటికొచ్చాను.

ఆదివారం పొద్దున్నే నేనూ శరణమ్మా న్యాల్‌కల్ బస్సెక్కాం. అక్కడినుంచి రెండు మైళ్లు నడక. జొన్న, కంది మోకాలెత్తు ఉన్నాయి, బురద చెప్పులను వదలడం లేదు. శరణమ్మ ఆ దారిని అటూ ఇటూ చూస్తూ నడిచింది గానీ ఏదీ గుర్తొచ్చినట్టు లేదు. దారంతా లెక్కలే చెప్పింది. నెలకు ఇన్ని రవికలు, ఇంత దారం, ఇంత అద్దె, పండుగ నెలల్లో ఇంకో అమ్మాయిని పెట్టుకోవాలి. ఆ అమ్మాయిని కూడా సదనంలోంచే తీసుకుంటానంది. నాకు లోపల సంతోషంగానే ఉంది. పైకి మాత్రం బురద చూసి నడవమని కసిరాను.

పోలీస్ పటేల్ పేరు రేవణసిద్ధప్ప. అరవై దాటిన మనిషి, తెల్లటి మీసాలు. మేం వచ్చిన పని చెప్పగానే మొహం తిప్పేసుకున్నాడు. ఆ ఏడు మొదట్లోనే సర్కారు పటేల్, పట్వారీ పదవులు తీసేసింది. తాతల కాలం నుంచి వచ్చిన పదవి, ఒక్క పొద్దుటి రేడియో వార్తతో పోయింది. తానిప్పుడు ఎవరూ కాడట, పుస్తకాలను చూపించే అధికారం తనకు లేదట, తాసిల్దారును అడుక్కోమన్నాడు. పుస్తకాలు మాత్రం తాసిల్‌కు అప్పజెప్పకుండా తన పెట్టెలోనే దాచుకున్నాడని ఆయన చెప్పకుండానే తెలిసిపోయింది, మాట్లాడినప్పుడల్లా లోపలిగది వైపు చూస్తున్నాడు.

గంటసేపు ఆయన అరుగు మీదే కూర్చున్నాం. సర్కారును తిట్టాడు, విన్నాను. నేనూ నాలుగు తిట్లు కలిపాను, అది నాకు కష్టమేమీ కాదు. చివరికి ఎవరి పిల్ల అని అడిగాడు. బస్వరాజ్ బిడ్డనని శరణమ్మ చెప్పింది. ఆయన ఆమె మొహం వైపు చాలాసేపు చూశాడు. తర్వాత లోపలికి వెళ్లి, ఎర్రగుడ్డలో చుట్టిన పుస్తకం తెచ్చి మా ముందు విప్పాడు.

నేను 1966 పేజీలు తిప్పించాను. లేదు. 1965లో చూశాం, లేదు. అరవై ఏడులోనూ లేదు. ఆయనే ఒక పేజీ దగ్గర వేలు పెట్టి ఆగాడు. 1968 ఫిబ్రవరి 26. తండ్రి బస్వరాజ్, తల్లి నాగమ్మ, ఆడపిల్ల.

నేను మూడుసార్లు చదివాను. పన్నెండేళ్ల కింద మా వరండాలో నిలబడి ఎన్ని పూటలు పెడతారని అడిగిన పిల్లకు నిజంగానే నాలుగేళ్లు. చెవి నిజంగానే అందలేదు. తల నిటారుగా పెట్టించి నేను మోసం చేశాననుకున్నాను, మోసం చేయాల్సిన అవసరమే లేకపోయింది. నాలుగేళ్ల పిల్ల అలా మాట్లాడేలా చేసింది కరువు. నేను దాన్ని వయసనుకున్నాను. శరణమ్మకు పదహారే. దుకాణం పోయినట్టే.

శరణమ్మ అరచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని పుస్తకం వైపు చూస్తూ ఉంది. రేవణసిద్ధప్ప మాత్రం మాటల్లో పడ్డాడు. ఆ పేజీ చూశాక ఆయనకు ఆ రోజు గుర్తొచ్చింది.

“గది శివరాత్రి. ఊళ్లె మొగోళ్లంత ఝరాసంగం జాతరకు పోయిన్రు. కాలు బెణికి నేను, పురుడని మీ నాయిన ఉండిపోయినం. పొద్దుగూకినంక మీ నాయిన ఉరుక్కుంట వచ్చిండు, బిడ్డ పుట్టింది పటేలా అని. చేతిల బెల్లం. నాకు ఉపాసమురా అంటే ఇనలే, నోట్ల పెట్టిండు. ఆడపిల్ల పుడితే బెల్లం పంచినోణ్ని ఈ ఊళ్లె గప్పుడే మొదటిసారి చూసిన.”

శరణమ్మ తలెత్తింది. ఆయన మీసం తుడుచుకుని మళ్లీ పనిలోకి వచ్చాడు. మా మొహాలు చూసి కావలసింది ఇది కాదని గ్రహించాడు. ఎంత వయసుంటే పనవుతుందని అడిగాడు. పద్దెనిమిది అన్నాను. ఆయన వెనక్కి పేజీలు తిప్పి 1966లో ఒకచోట ఆగాడు. కింద ఒక గీత ఖాళీగా ఉంది.

“ఈడ రాస్త. పాత సిరా ఇంకున్నది. పదవి పోయింది గని రాత పోలే.”

డబ్బు కూడా అడగలేదు. ఆ సర్కారుకు ఒక అబద్ధం అంటగడితే ఆయనకు అదే తృప్తి. నాకైతే ఒక్క క్షణం కూడా ఆలోచన అక్కరలేకపోయింది. పదిహేనేళ్లు పిల్లల కోసం కిందికి రాసిన చెయ్యి, ఒకసారి పైకి రాస్తే తప్పేమిటి? రాయమన్నాను. ఆయన కలం మూత తీశాడు.

“వద్దు” అంది శరణమ్మ.

నేను ఆమె చెయ్యి పట్టుకుని, బక్రీదుకు పది రోజులే ఉందని గుర్తుచేశాను. దుకాణం గురించి దారంతా చెప్పిన లెక్కలన్నీ మళ్లీ చెప్పాను. ఇంకోచోటు ఇంత చవగ్గా దొరకదని, ఈ పూట తల ఊపితే చాలని బతిమాలాను. నా జీవితంలో నేను బతిమాలిన సందర్భాలు తక్కువ.

శరణమ్మ నా వైపు చూడలేదు, పుస్తకం వైపే చూసింది.

“అరవై ఆరుల రాస్తే, నాయిన బెల్లం పంచిన రోజు ఎవలిదైతదమ్మా?”

రేవణసిద్ధప్ప కలం మూత పెట్టేశాడు. నలభై ఒక్కమందికి ఒకే తేదీ రాసిన చెయ్యి నాది. ఆ పిల్లలకు అన్నం మిగిల్చాననుకున్నాను తప్ప, ఇలాంటి రోజు ఒకటి ప్రతివాళ్లకూ ఉంటుందని, దాన్ని వెతకాల్సిన పని కూడా నాదేనని ఒక్కనాడూ అనుకోలేదు. ఆ అరుగు మీద కూర్చుని నేను ఏడ్చాను. పటేల్ ఇంటివాళ్లు మంచినీళ్లు తెచ్చిచ్చారు.

పదవి పోయాక తన సంతకానికి విలువ లేదు కాబట్టి పుస్తకమే తీసుకెళ్లి తాసిల్‌లో అప్పజెప్పి, అక్కడే నకలు తీసుకోమన్నాడు ఆయన. ఎనిమిది నెలలు సర్కారుకు ఇవ్వనన్న పుస్తకాన్ని శరణమ్మ చేతిలో పెట్టాడు. బస్సులో ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. హుగ్గెల్లి దాటుతుండగా నా వైపు తిరిగింది.

“శివరాత్రి ఉపాసం గదా. నా పుట్టినరోజుకు పరమాన్నం తినొద్దేమో.”

నాకు నవ్వొచ్చింది. ఇంగ్లీషు తారీఖు ప్రకారం తింటే ఉపవాసం అడ్డురాదని చెప్పాను. ఆమె కూడా నవ్వింది, కానీ బస్టాండులో దిగాక దుకాణం ముందునుంచి కాకుండా వెనక సందులోంచి సదనానికి వచ్చాం.

బక్రీద్ అయ్యాక గౌహర్ బేగం ఇంకో నాలుగు రోజులు ఆగింది. ఐదో రోజు క్యాసెట్ల కుర్రాడికి తాళం ఇచ్చేసింది. మిషనును గుల్బర్గా బస్సు టాపు మీద కట్టించుకుంది. శరణమ్మను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. తన పెద్ద కత్తెర మాత్రం ఇచ్చి, పన్నెండు రూపాయలు తీసుకుంది. ఊరికే ఇచ్చిన కత్తెర మనుషులను విడదీస్తుందని ఆమె నమ్మకం. ఆ దుకాణంలోంచి మర్నాటినుంచే పాటలు మొదలయ్యాయి. సదనం దాకా వినిపించేవి. శరణమ్మ వరండాలో కూర్చుని ఆ పాటలు వింటూ చేత్తోనే రవికలు కుట్టేది. కొన్నాళ్లు ఆ పిల్ల మొహం చూడటం నా వల్ల కాలేదు.

నేను తాసిల్‌లో తీసుకున్న నకలూ, రిజిస్టరూ పట్టుకుని మదన్‌మోహన్ సేటు దగ్గరికి వెళ్లాను. శరణమ్మ గడిలో తేదీ మార్చాలని చెప్పి, ఆ తర్వాత ముప్పై చుక్కల సంగతీ చెప్పేశాను. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. ఆయన రిజిస్టరు తెరవనే లేదు. చేతుల్లో పట్టుకుని బరువు చూసినట్టు చూసి నాకే తిరిగిచ్చాడు. మిగతా పిల్లల ఊళ్లు ఎక్కడెక్కడో అడిగాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం నా బస్సు ఖర్చు కమిటీ పద్దులో మరమ్మతులు అని పడుతూ వచ్చింది. ఏడాదిన్నర తిరిగాను. నలభై ఒక్కమందిలో పదకొండు మందికే పుట్టినరోజు దొరికింది. చాలాచోట్ల పటేళ్లు పుస్తకాలు పారేశారు, కొన్నిచోట్ల చెదలు తిన్నాయి. ఆ పదకొండు మందిలో ఇద్దరు నేను తగ్గించి రాసిన దానికంటే నిజంగా పెద్దవాళ్లు. వాళ్లను పంపే రోజు వచ్చినప్పుడు, ముందు గది చూసి, పని చూసి, అప్పుడే పంపాం. బాలమణిని అలా పంపి ఉంటే బాగుండేది.

1985 ఫిబ్రవరి 26న శరణమ్మ తన కుట్టుకూలిలోంచి బెల్లం కొని సదనంలో అందరికీ పంచింది. చిన్నపిల్లలు తమ రోజు ఎప్పుడు దొరుకుతుందని నన్ను వేధించి చంపారు.

1986లో అదే తారీఖు బుధవారం వచ్చింది. పొద్దున్నే సేటు తన తాళం తెచ్చాడు, నేను నా తాళం తీశాను, పెట్టె తెరిచాం. పుస్తకంలో పదిహేను వందల నలభై ఉన్నాయి. మిషనుకు, ఒక మేడ మెట్ల కింద ఉన్న చోటుకు ముందిచ్చే బయానాకు సరిపోతాయి. పాత దుకాణంలో సగం కూడా లేదు ఆ చోటు. కూర్చుని కుట్టడమే తప్ప నిలబడే వీలు లేదు. ముగ్గురం కలిసి పోస్టాఫీసుకు వెళ్లాం.

ఖాతాను కమిటీ చేతిలోంచి తన చేతికి మార్చుకోవడానికి ఒక ఫారం నింపాలన్నాడు అక్కడి గుమస్తా. శరణమ్మ కౌంటరు మీద వంగి, ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసింది. పుట్టిన తేదీ దగ్గర ఎక్కువసేపు ఆగింది. గుమస్తా ఫారం లాక్కుని చూసి విసుక్కున్నాడు. ఫిబ్రవరి 26, 1968 అన్నదాని పక్కన, గడి దాటిపోయి, పొద్దుగూకినంక అని ఉంది.

“టైము అక్కరలేదమ్మా, తారీఖు చాలు” అని కొట్టేయబోయాడు.

శరణమ్మ ఫారం మీద చెయ్యి పెట్టింది.

“ఉండనియ్యండ్రి సార్.”